రెయిలింగ్ కుండీలల్ల కిందికి జారే పూలమొక్కలు: మన వరంగల్ ఎండకు ఏవి ఆగుతయి, ఏవి ఆగవు

మూడేండ్ల కింద ఫిబ్రవరి ఆఖర్ల పన్నెండు పెటూనియా మొక్కలు తెచ్చి మా హన్మకొండ ఇంటి పడమటి బాల్కనీ రెయిలింగుకు వరుసగ కట్టిన. రెండో అంతస్తు. కుండీలేమో నల్ల రంగు రేకు తొట్లు, ఫోటోల చూస్తే మస్తుగున్నయని ఆన్‌లైన్ల తెప్పించినయి. మూడు వారాలు రోడ్డు మీద పోయేటోళ్ళు తలెత్తి చూసిన్రు, నేను కూడ రోజూ పొద్దున చాయ్ అక్కడనే నిలబడి తాగిన. ఉగాది పచ్చడి తినేనాటికి పన్నెండిట్ల రెండు మిగిలినయి, శ్రీరామనవమికి అవి గూడ పోయినయి. నీళ్ళు తక్కువైనయేమో అని ఇంకిన్ని పోసిన, ఎక్కువైనయేమో అని ఆపిన, వేపనూనె కొట్టిన, ఏం చేసినా ఆగలే. అప్పుడు కనపడ్డోళ్ళనల్లా ఒకటే అడిగిన, "ఏ మొక్క పెడితే బతుకుతది" అని. మొక్క సంగతి అన్నిటికంటె ఆఖర్ల అడగాలె, ముందుగాల ఎండ ఏ దిక్కు నుంచి పడుతది, కుండిల మట్టి ఎంత, ఇప్పుడు నడుస్తున్న కాలమేది అని చూసుకోవాలె అని తెలిసెటాలకు ఇంకో రెండేండ్లు పట్టింది.

చిక్కు యాడ మొదలైతదంటే, నెట్ల రెయిలింగ్ పూలు అని కొడితే వచ్చే ఫోటోలన్ని చల్ల దేశాలయి. వాళ్ళ ఎండకాలం మన జనవరి మధ్యాహ్నం కంటె చల్లగుంటది. అందుకే పెటూనియా, లొబీలియా, ఫ్యూషియా, వేలాడే జెరేనియం ఇవన్ని అక్కడ ఎండకాలం పూలు. మనకాడ పెటూనియా చలికాలం పువ్వు, అంతే. లొబీలియా, ఫ్యూషియా అయితే ఊసే వద్దు, ఊటీల పెంచుకునేటియి ఇవి, హన్మకొండల కాదు. మే నెలల 43, 44 డిగ్రీలు, మీదికెళ్ళి వడగాలి, ఇవి తెలిసినోళ్ళు చెప్పిన మాటనే మనకు పనికొస్తది.

ఇంకో గడబిడ, ఇది నర్సరోళ్ళు కూడ చేస్తరు, పైకి పాకే తీగను, కిందికి జారే మొక్కను ఒక్కతీరుగ "హ్యాంగింగ్ వెరైటీ" అని అమ్ముతరు. రెండూ వేరు. పెరట్ల చిక్కుడు తీగను చూడుండ్రి, దాని కొస ఎప్పుడూ పైకే చూస్తది, దొరికినదాన్ని చుట్టుకుంటది, పందిరెక్కుతది. అదే గంగవాయిలి కూరను చూడుండ్రి, దానికి లేచి నిలబడే సోకు లేదు, నేల మీద చాపలెక్క పరుచుకుంటది. ఆ గంగవాయిలిని తెచ్చి గోడ అంచు మీద పెడితే అంచు దాటినంక తన బరువుకు తనే కిందికి జారుతది. రెయిలింగ్ కుండికి కావాల్సింది ఈ జాతి, అంటే నేల మీద పరుచుకునేటియి. శంఖుపూలు, కాశీరత్నం, రాధామనోహరం, సన్నజాజి ఇవన్ని చిక్కుడు జాతి బుద్ధులున్నయి, వీటిని కిందికి వేలాడేసినా కొసలు మళ్ళ మలుపుకొని పైకే లేస్తయి. నేను ఒకపారి శంఖుపూలు పెట్టిన, మూడు వారాలల్ల ఏసీ పైపు పట్టుకొని పై ఫ్లోరుకు పోయింది, నీళ్ళు నేను పోసుడు, పూలు వాళ్ళు దేవునికి కోసుకునుడు.

ఇగ ఎండ సంగతి. దీని మీద జర సేపు కూసోవాలె, ఎందుకంటే "మా బాల్కనీల మస్తు ఎండ" అన్న మాటకు ఏ అర్థమూ లేదు, ఏ నెల ఎండ, ఏ పూట ఎండ అన్నది చెప్తెనే తెలుస్తది. వరంగల్ సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. దాంతోని ఏమైతదంటే మే నడిమిట్ల సూర్యుడు మిట్టమధ్యాహ్నం సరిగ్గ మన నెత్తి మీదికొస్తడు, అక్కడి నుంచి జులై ఆఖరు దాకా మధ్యాహ్నం పూట మనకు కొంచెం ఉత్తరం దిక్కుకే ఉంటడు. అంటే దక్షిణం బాల్కనీకి మే, జూన్ నెలలల్ల పైన స్లాబు ఉంటే మధ్యాహ్నం ఎండ రెయిలింగు మీద పడనే పడదు. అదే డిసెంబర్ల సూర్యుడు దక్షిణానికి వంగుతడు, మధ్యాహ్నం కూడ ఆకాశంల సగం ఎత్తుకే, 48 డిగ్రీల కాడికి ఉంటడు, అప్పుడు ఎండ స్లాబు కిందికెళ్ళి తిన్నగ ఇంట్లకొస్తది. ఎండకాలం నీడ, చలికాలం ఎండ, ఇంతకంటె పుణ్యం ఏ బాల్కనీ చేసుకుంటది. పెటూనియాకు దక్షిణం బాల్కనీ అత్తగారిల్లు కాదు, అమ్మగారిల్లు.

తూర్పు బాల్కనీ కూడ మంచిదే, పొద్దున పది, పదకొండు దాకా మెత్తటి ఎండ, ఆ తర్వాత నీడ. ఉత్తరం అయితే చలికాలమంత సూటిగ ఎండ తగలదు, జూన్ల మాత్రం పొద్దున కొంచెం, సాయంత్రం కొంచెం తగులుతది. అన్నిట్లకెల్ల కష్టం పడమర, మా లెక్క. పొద్దుగాల అంత నీడలనే ఉండి, గాలి బాగ వేడెక్కినంక రెండు గంటల నుంచి ఆరింటి దాకా ఎండ అడ్డంగ వచ్చి కొడుతది, స్లాబు అడ్డం రాదు, గోడ గూడ కాలి ఆ వేడిని మొక్కల వీపుకు ఇస్తది. పిట్టగోడ మీద పెట్టుకునేటోళ్ళకు ఈ దిక్కుల లెక్క లేదు, వాళ్ళకు పొద్దంత ఎండనే, పడమటి బాల్కనీకి చెప్పినయే వాళ్ళకూ పనికొస్తయి.

ఇప్పుడు కుండి. నా పన్నెండు పెటూనియాలను ఎండ చంపిందనుకున్న గని సగం నేరం కుండిదే. మామూలుగ దొరికే రెయిలింగ్ కుండి అడుగున్నర పొడుగు, అరడుగు వెడల్పు, అరడుగు లోతు, అంటే పది లీటర్ల మట్టి. నేలల ఉన్న మొక్కకు వేర్లు కిందికి పోయి చల్లదనం వెతుక్కునే దారి ఉంటది, ఈ పది లీటర్లల్ల అన్ని దిక్కుల నుంచి వేడి. అందులోనూ నల్ల రేకు. ఏప్రిల్ల మూడింటికి ఆ తొట్టి పక్కన చెయ్యి ఆనిచ్చి చూస్తే చాయ్ గిన్నె పట్టుకున్నట్టే అనిపించింది, లోపల వేర్లు ఉడికినయన్నట్టే కదా. ఆకు వాడుతున్నదని నీళ్ళు పోస్తే ఆ నీళ్ళు కూడ లోపల వేడెక్కుతయి. పైన ఆకు వాడింది, కింద మట్టి తడిగనే ఉంది అంటే దాహం కాదు, వేర్లు పోయినయని లెక్క.

అందుకని రేకుది వద్దు, నల్లది అసలే వద్దు. ప్లాస్టిక్ అయితే తెల్లది గాని లేత రంగుది గాని, దళసరిది తీసుకోండ్రి. ఉన్నదాన్ని పారేసుడు ఎందుకనుకుంటే బయటి దిక్కు గోనె సంచి ముక్క చుట్టి సుతిలితోని కట్టుండ్రి, నీళ్ళు పోసేటప్పుడు గోనె మీద కూడ రెండు చెంబులు పొయ్యుండ్రి, ఎండకాలం కుండల నీళ్ళు ఎట్ల చల్లగైతయో అదే పద్ధతి ఇక్కడ. నేను ఆ రేకు తొట్లనే తెల్ల పెయింటు వేసి, గోనె కట్టి ఇప్పటికీ వాడుతున్న, చూడనీకె పెండ్లి పందిరి లెక్క లేకున్నా మొక్కలకు హాయిగనే ఉంది. అడుగున బొక్కలు నాలుగన్న ఉండాలె. నీళ్ళు నిలిచే ట్రే ఉన్నయి కొనేటోళ్ళు వానకాలం ఆ ట్రే తీసెయ్యాలె, వారం రోజులు నీళ్ళు నిలిస్తే డెంగీ దోమ అందులనే పిల్లలు పెడుతది.

మట్టి గురించి ఒక ముచ్చట. మా నాయిన ఊర్ల పత్తి చేన్ల నుంచి రెండు సంచులు రేగడి తెచ్చిండు, "దీంట్ల ఏం పెట్టినా వస్తది, నీ డబ్బాల మట్టి ఎందుకు" అన్నడు. చేన్ల నిజమే. కుండిల ఏమైందంటే, తడిగున్నప్పుడు అది బురద, ఎండితే ముడుచుకుంటది. ఒకరోజు మధ్యాహ్నం చూస్తే మట్టికి, కుండి గోడకు నడుమ పెన్సిల్ దూరేంత సందు. పైన పోసిన నీళ్ళు ఆ సందుల నుంచి సర్రున కిందికి జారి బొక్కలల్ల నుంచి కారుతున్నయి, నేనేమో కింద కారినయి కదా తడిసిందనుకుంటున్న, నడుమ గడ్డ మాత్రం ఇటుక లెక్క పొడిగనే ఉంది. పుల్ల గుచ్చితే దిగలే. రేగడి పత్తికి, మిరపకు బంగారం, అడుగున్నర డబ్బాకు మాత్రం చెల్క మట్టే, అంటే ఇసుక కలిసిన ఎర్రమట్టే మేలు. నేను ఇప్పుడు రెండు పాళ్ళు చెల్క ఎర్రమట్టి, రెండు పాళ్ళు కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), ఒక పాలు బాగ మాగిన పెంట ఎరువు గాని వర్మీకంపోస్ట్ గాని, కుండికొక పిడికెడు వేపపిండి కలుపుత. కోకోపీట్ 5 కిలోల దిమ్మ తెచ్చి నానబెడితే 60 లీటర్ల పైనే అయితది, పది, పన్నెండు కుండీలకు సరిపోయి ఇంక మిగులుతది. బరువు కూడ తగ్గుతది, ఉత్త మట్టి తడిస్తే ఒక కుండి 16, 18 కిలోలు తూగుతది, ఈ కలిపిన మట్టి అయితే పన్నెండు కిలోలకు అటుఇటు. పది కుండీలు పెట్టేటోళ్ళు ఈ తేడా లెక్కేసుకోండ్రి, ఆ బరువంత రెయిలింగు వెల్డింగు మీదనే కదా పడేది.

ఇగ మొక్కలు. ఏడాది పొడుగూత ఒక్క మొక్కే కిందికి జారుకుంట పూసుడు అన్నది మనకాడ కష్టం. రెండు షిఫ్టులు అనుకోండ్రి, ఉగాది నుంచి దసరా దాకా ఒకటి, దసరా నుంచి ఉగాది దాకా ఒకటి. మొదటి షిఫ్టు మళ్ళ రెండు తీర్లు, రోహిణి కార్తె దాకా నిప్పులు, మృగశిర తర్వాత నీళ్ళు. ఎండకు ఆగేటియన్ని వానకు ఆగవు, ఇది చాలామంది మర్చిపోతరు.

నిప్పులకు మొనగాడు టేబుల్ రోజ్, కొందరు గడ్డి గులాబీ అంటరు. ఇది మన గంగవాయిలి కూరకు సొంత చుట్టం, అదే ఎర్రటి కండ కాడ, అవే ముద్ద ఆకులు, నీళ్ళు లోపల దాచుకుంటది కాబట్టి మే నెలల పడమటి రెయిలింగు మీద కూడ పండుగ చేసుకుంటది. రెండించుల ముక్క తుంచి గుచ్చితే చాలు, పదిరోజులల్ల వేరు పడుతది, పైసలు పెట్టి కొనే అవసరమే లేదు, తెలిసినోళ్ళ ఇంటికి పోయినప్పుడు నాలుగు రంగులవి నాలుగు ముక్కలు అడుగుండ్రి. గని దీని గుణం తెలుసుకోవాలె, పూలు ఎండ తగిలినంకనే విచ్చుకుంటయి, మధ్యాహ్నం దాటినంక ముడుచుకుంటయి. పొద్దున ఎనిమిదికి ఆఫీసుకు పోయి సాయంత్రం వచ్చేటోళ్ళు ఆదివారం తప్ప పువ్వు చూడరు. ఇందులనే వెడల్పు ఆకు రకం ఒకటి ఉంటది, అచ్చం గంగవాయిలి ఆకే, సూది ఆకు రకం కంటె అది ఎక్కువ పొడుగు జారుతది, రెయిలింగుకు నేనైతే అదే తీసుకుంట.

వానలు ముదిరితే ఈ టేబుల్ రోజ్ కుళ్ళుతది. మబ్బు పట్టిన రోజు పువ్వే విచ్చదు, వారం రోజులు ముసురు పడితే కాడలు నీళ్ళయితయి. 2023 జులై ఆఖర్ల వానలు యాదికున్నయి కదా, ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల ఒక్కరోజుల 64 సెంటీమీటర్ల పైన కొట్టింది, మన దగ్గర కాలనీలకు కాలనీలే మునిగినయి. ఆ వారం నా టేబుల్ రోజ్ తొట్లు నాలుగిటికి నాలుగు పోయినయి, అప్పుడు దాని సంగతి ఎవరికి పట్టింది గని. దాని పక్కనే ఉన్న విష్ణుక్రాంత మాత్రం ఏం కాలే.

ఈ విష్ణుక్రాంత గురించి చెప్పాలె. వినాయక చవితి పత్రిల వచ్చే విష్ణుక్రాంత మన చేన్ల గట్ల మీద మొలిచే సన్నటి మొక్క, నర్సరీల అమ్మేది దాని దక్షిణ అమెరికా చుట్టం, పువ్వు కొంచెం పెద్దది, ఆకు బూడిద రంగు కలిసిన పచ్చ, మెత్తగ నూగు ఉంటది. నర్సరీల "బ్లూ డేజ్" అంటే ఇస్తరు. నీలి రంగు పువ్వు మనకాడ కరువు, అందుల ఎండకు ఆగే నీలి పువ్వు ఇంక కరువు, ఇది రెండూ. అడుగు దాకా జారుతది, ఎక్కువ ఆశపడొద్దు. పొద్దున పూసి మధ్యాహ్నానికి ముడుచుకుంటది, తూర్పు బాల్కనీకి దీనికి మించింది లేదు. ఏడాది పొడుగూత బతుకుతది కాబట్టి షిఫ్టు గోల కూడ లేదు.

పొడుగు కావాలె, రెండు మూడు అడుగులు కిందికి పారాలె అంటే రసేలియా. ఆకు ఉందా లేదా అన్నట్టు సన్నటి పచ్చ పుల్లలు, వాటి కొసలకు ఎర్రటి గొట్టం పూలు, దూరం నుంచి చూస్తే తారాజువ్వ పేలినట్టు ఉంటది, అందుకే ఫైర్‌క్రాకర్ అని కూడ అంటరు. తేనెపిట్టలు దీని కోసం రెండో అంతస్తుకు కూడ వస్తయి, మా బాల్కనీల వేలెడంత పిట్ట ఒకటి పొద్దున ఏడింటికి హాజరు. ఎండ, వాన, బోరు నీళ్ళు, యజమాని మతిమరుపు అన్నిటికీ ఆగింది. కాకపోతే వేరు గట్టిది, పది లీటర్ల కుండిల ఒక్కటే పెట్టాలె, రెండేండ్లకొకపారి తీసి విడగొట్టాలె. నన్నడిగితే పడమటి బాల్కనీకి మొదటి ఓటు దీనికే.

వేలాడే లాంటానా ఇంకోటి, ఊదా రంగు గుత్తులు. రోడ్ల పక్క పొదల్లెక్క పెరిగే లాంటానా తమ్ముడే గని ఇది నేల మీద పరుచుకునే రకం. ఎండకు రాయి. ఆకు నలిపితే ఘాటు వాసనొస్తది. పిల్లలున్న ఇంట్ల కాయలు నోట్ల పెట్టకుండ చూసుకోవాలె, ఈ జాతిల విషం గుణం ఉంది. వెడీలియా అని పసుపు చామంతుల్లెక్క పూసేది ఎవరైనా ఉట్టిగ ఇస్తరు, ఎందుకు ఉట్టిగ ఇస్తరంటే వాళ్ళింట్ల ఆపలేక. ప్రపంచంల అన్నిటికంటె చెడ్డ 100 చొరబాటు జాతుల పట్టికల దాని పేరుంది, మామూలు లాంటానా పేరు కూడ అందులనే ఉంది. కుండిల ఉన్నన్ని రోజులు మంచిదే, తెంపిన ముక్కలు కింద మోరి పక్కన పడేస్తే మాత్రం మళ్ళ వానకాలానికి ఆ జాగంత దానిదే. బిళ్ళగన్నేరుల కూడ వేలాడే రకాలొచ్చినయి, మామూలు బిళ్ళగన్నేరు నిలువుగ పెరుగుతది, కొనేముందు అడగాలె, దాన్ని ఎండ ఏం చెయ్యదు గని నీళ్ళు నిలిస్తే కాడ నల్లబడి పోతది.

చలికాలం షిఫ్టుకొస్తే అక్కడ రాణి పెటూనియానే, నేను ఎంత తిట్టుకున్నా. పొగాకు, మిరప, వంకాయ కుటుంబం దీనిది, ఆకు జిగట జిగటగ ఉండుడు చూస్తే ఆ చుట్టరికం తెలుస్తది. ఇందుల గుత్తిగ పెరిగే రకాలు, పరుచుకునే రకాలు వేరు వేరు, పరుచుకునేది, వేవ్ అని పేరు పడ్డది, 1995ల మొదటిపారి వచ్చింది, రెయిలింగు మీదికి అదే కావాలె. గుత్తి రకం పెడితే ఫోటోల లెక్క ఎందుకు జారుతలేదని ఏడ్చుడే. విత్తనం ఇసుక కంటె సన్నం, గ్రాముకు తొమ్మిది పదివేలు వస్తయి, చల్లినంక మట్టి కప్పొద్దు, వెలుతురు తగిలితేనే మొలుస్తది. విత్తనం నుంచి పువ్వుకు సుమారు మూడు నెలలు, కాబట్టి బతుకమ్మ రోజులల్ల చల్లితే సంక్రాంతికి పూస్తది. అంత ఓపిక లేకుంటే నవంబర్ల నారు కొనుండ్రి. నా లెక్క ఫిబ్రవరి ఆఖర్ల కొంటే, పువ్వు నిండుగున్న మొక్కనే ఇస్తరు, మనం మురిసిపోతం, అప్పటికే దాని ఆయుష్షు నెల రోజులు.

పెటూనియాకు మన బోరు నీళ్ళతోని ఇంకో తంటా. కుండి అంచుకు తెల్లగ సున్నం పట్టినట్టు అయితే నీళ్ళల్ల లవణాలు ఎక్కువని, మట్టి క్షారం అయితున్నదని అర్థం. అట్లయితే పెటూనియా ఇనుము తీసుకోలేదు, కొత్త ఆకులు పసుపుగ, ఈనెలు మాత్రం పచ్చగ కనపడుతయి. చాలామంది ఇది చూసి ఎరువు చాలలేదని యూరియా వేస్తరు, ఇంక పాడైతది. వరి నారు తెల్లబడితే అన్నభేది (ఇనుము ఉండే మందు, ఫెర్రస్ సల్ఫేట్) కొడుతరు కదా రైతులు, ఇక్కడా అదే మందు, లీటరుకు 2 గ్రాములు, చిటికెడు నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి పొద్దుమూకినంక ఆకుల మీద పిచికారి చేస్తే వారంల తేడా తెలుస్తది. ఎక్కువ వేస్తే లేత ఆకు మాడుతది, చెయ్యి జారొద్దు. ఆర్వో మిషిన్ల నుంచి బయటికొచ్చే నీళ్ళు మొక్కలకు పోసేటోళ్ళున్నరు, అది బోరు నీళ్ళ కంటె ఉప్పెక్కువ, ఈ చిన్న కుండీలకు వద్దు. ఏసీ నుంచి కారే నీళ్ళు మాత్రం బకెట్ల పట్టుకోండ్రి, దాంట్ల లవణాలు ఉండనే ఉండవు, ఎండకాలం మొక్కలకు అమృతం.

పెటూనియా కాకుండ చలికాలం వెర్బీనా ఉంది, తెల్లటి నురుగు లెక్క పూసే అలిస్సమ్ ఉంది, అలిస్సమ్ వాసన తేనె లెక్కుంటది, కూసునే కాడికి దగ్గర పెట్టుకుంటే సాయంత్రం హాయి. నాస్టర్షియం విత్తనం శనగగింజంత ఉంటది, పిల్లలతోని పెట్టించనీకె బాగుంటది.

ఉత్తరం బాల్కనీ వాళ్ళకు నిజం చెప్పాలె, మీకు జారే పూలు తక్కువ. టొరేనియా, బిగోనియా కొంతవరకు పూస్తయి, లేకుంటే ఊదా చారల జెబ్రీనా, మనీ ప్లాంటు వేలాడదీసి ఆకుల అందంతోని సర్దుకోవాలె. పర్పుల్ హార్ట్ అని ముదురు ఊదా ఆకుది ఉంటది, దానికి నీడల పచ్చ తిరుగుతది, ఎండల పెడితేనే రంగు, అది పడమటోళ్ళదే. కర్టెన్ క్రీపర్ ఇప్పుడు కొత్త బిల్డింగులకు అంతట వేలాడదీస్తున్నరు, అది పచ్చటి పరదా కోసం, పూల కోసం కాదు, పైగ దానికి ఈ అరడుగు డబ్బా ఏ మూలకూ చాలదు.

నర్సరీకి పోయినప్పుడు పువ్వును కాదు, వేరును చూడుండ్రి. మన నర్సరీలల్లకు చాలా మొక్కలు రాజమండ్రి దగ్గర నర్సరీల ఊరు కడియం నుంచి లారీలల్ల వస్తయి, వాటి కవర్ల ఉండేది జిగట ఒండ్రు మట్టి, ప్రయాణంల ఊడకుండ ఉండనీకె బాగుంటది. మనం ఆ ముద్దను అట్లనే తీసి కోకోపీట్ మట్టిల పెడితే చుట్టూ తడి, నడుమ ముద్ద పొడి, లేకుంటే తిర్లమర్ల. కవరు తీసినంక ముద్దను నీళ్ళ బకెట్ల పది నిమిషాలు ముంచి, వేళ్ళతోని బయటి సగం మట్టి మెల్లగ రాల్చి పెట్టాలె. ఆ రోజే ఎండల పెట్టొద్దు, నాలుగు రోజులు నీడల ఉంచి అప్పుడు రెయిలింగు ఎక్కియ్యాలె.

నాటినంక మనసు రాయి చేసుకొని కొసలు తుంచుడు ఒకటి ఉంది. నాలుగించులు పెరగంగనే ప్రతి కొమ్మ కొస తుంచాలె, లేకుంటే ఒకటే కొమ్మ తాడు లెక్క కిందికి పోతది, కుండి బోడిగుంటది. తుంచిన కాడ రెండు కొమ్మలొస్తయి, వాటిని మళ్ళ తుంచితే నాలుగు. అడుగున్నర కుండిల టేబుల్ రోజ్ ముక్కలు ఆరేడు, పెటూనియా మూడు చాలు. ఒకటి నిలువుది, ఒకటి గుబురుది, ఒకటి జారేది కలిపి పెట్టాలె అని వీడియోలల్ల చెప్తరు, అడుగు వెడల్పు కుండీలకు అది బాగుంటదేమో, అరడుగుల మాత్రం మే నెలకు ముగ్గురు నీళ్ళ కోసం కొట్లాడుకుంటరు. ఎరువు 19-19-19 పొడి (నత్రజని, భాస్వరం, పొటాష్ మూడూ సమంగ ఉండేది) లీటరుకు గ్రాము చొప్పున పదిహేను రోజులకొకపారి, పూతకొచ్చినంక పొటాష్ ఎక్కువున్నది. నత్రజని ఎక్కువైతే ఆకు నిగనిగలాడుతది, పువ్వు కనపడదు. ఎండకాలం పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరున్నరకు రెండు పూటల నీళ్ళు, పైన పల్లి పొట్టు పరిస్తే ఒక పూట తప్పినా నడుస్తది. టేబుల్ రోజ్‌కు ఒక పూటే చాలు.

కట్టుడు గురించి చెప్పకుంటే ఈ ముచ్చట ఒడువది. ఏప్రిల్, మే సాయంత్రాలు గాలిదుమారం లేస్తది కదా, ఆ గాలికి హుక్కు మీద ఉత్తగ వేలాడే కుండి నిలవదు. కుండీతోని వచ్చే హుక్కులు పట్టీ రెయిలింగు కోసం చేసినయి, మనకాడ ఎక్కువ ఉండేది గుండ్రటి స్టీలు పైపు, దాని మీద హుక్కు జారుతది. సెంట్రింగోళ్ళు వాడే బైండింగ్ తీగ తెచ్చి రెండు కొసలకు, నడుమ ఒకటి మూడు కట్లు వేసుకోవాలె. ప్లాస్టిక్ కేబుల్ టైలు ఎండకు ఏడాదిల పెళుసు బారి టక్కున తెగుతయి. వీలైతే కుండిని రెయిలింగుకు లోపలి దిక్కే కట్టుండ్రి, కొమ్మలు సందులల్ల నుంచి బయటికి అవే పోతయి, పన్నెండు కిలోలది కింద నడిచేటోళ్ళ నెత్తి మీద పడే భయం ఉండదు. కోతులొస్తే మాత్రం ఏ కట్టూ ఆపదు. మా గల్లికి నెలకొక మంద వస్తది, పెటూనియా పూలు తెంపి వాసన చూసి పారేస్తయి, తిన్నా బాధ లేకపోయేది. రసేలియాను ఒకపారి పీకి చూసినయి, ఆ పుల్లలల్ల ఏం లేదని తెలిసి మళ్ళ ముట్టలే.

కింది ఫ్లోరు అత్తమ్మ బట్టల మీద ఎర్రమట్టి నీళ్ళు కారినయని మొదటేడు రెండుపార్లు మాట పడ్డ. అప్పటి నుంచి ఆమె బట్టలు తీసినంకనే సాయంత్రం నీళ్ళు పోస్తున్న, కుండి అడుగున పాత దోమతెర ముక్క పరిచి మట్టి నింపుతున్న, నీళ్ళు కారినా తేటగ కారుతయి.

టేబుల్ రోజ్‌ను వానలకు పోగొట్టుకోకుండ ఉండే ఉపాయం ఒక్కటే. మృగశిర వానలు మొదలైతున్నయనంగ రంగుకు నాలుగు ముక్కలు తుంచి ఒక చిన్న మట్టి కుండిల ఉత్త ఇసుక, చెల్క కలిపి గుచ్చి స్లాబు కింద, వాన జల్లు తగలని కాడ, కిటికీ పక్కన పెట్టుకోండ్రి, వారానికొకపారి చెంచాడు నీళ్ళు. రెయిలింగు మీదిది కుళ్ళితే కుళ్ళనియ్యుండ్రి, ఉగాదికి మళ్ళ ఈ కుండిలకెళ్ళే తుంచుకోవచ్చు.